కడుపునొప్పి వెనక ఉన్న మాట

పదమూడు నుండి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లలు మన ఆసుపత్రి ఓ.పి.కి వచ్చినప్పుడు చెప్పే బాధలు దాదాపు ఒకేలా ఉంటాయి. కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం, తెల్లబట్ట, నెలసరి సరిగా రాకపోవడం. వీటిలో చాలావరకు రక్తహీనత వల్లనో, నులిపురుగుల వల్లనో, పొద్దున ఏమీ తినకుండా బడికి పరుగెత్తడం వల్లనో వస్తాయి. మందు ఇస్తాము, తగ్గిపోతుంది. కానీ అప్పుడప్పుడు ఒక అమ్మాయి అదే నొప్పితో మూడోసారి, నాలుగోసారి వస్తుంది. స్కానింగ్‌లో ఏమీ ఉండదు, రక్తపరీక్షలో ఏమీ ఉండదు. తోడు వచ్చిన తల్లి విసుగ్గా "దీనికి ఏ రోగమూ లేదు సిస్టరమ్మా, బడి ఎగ్గొట్టడానికి నాటకాలు" అంటుంది. ఆ మాట విన్నప్పుడు కేసు షీటు మూసేయవద్దని, ఇంకాసేపు ఆ పిల్ల దగ్గర కూర్చోమని మా నర్సులకు చెబుతుంటాము. బడి ఎగ్గొట్టాలని ఎందుకు అనిపిస్తోంది? బడిలో ఎవరున్నారు? దారిలో ఎవరున్నారు? సాయంత్రం ఇంటికి చేరేసరికి ఇంట్లో ఎవరున్నారు?

ఈ సంచికలో ఆ ప్రశ్నల గురించే రాస్తున్నాము. మన సంఘ కుటుంబాలలో ఇలాంటి విషయాలు భోజనాల దగ్గర మాట్లాడుకోరని మాకు తెలియక కాదు. మాట్లాడుకోరు కాబట్టే రాస్తున్నాము. ఇందులో ఎవరి పేరూ, ఊరూ లేవు. ఏళ్ల తరబడి వార్డులో చాలామంది దగ్గర చూసినవి కలిపి చెబుతున్నాము గనుక "ఇది ఫలానా వాళ్ల అమ్మాయే" అని దయచేసి ఎవరూ ఊహించుకోవద్దు.

భయం ఎక్కడ, ప్రమాదం ఎక్కడ

ఆడపిల్లలపై హింస అనగానే పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చినవే మనకు గుర్తుకొస్తాయి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ విద్యార్థినులపై పోసిన యాసిడ్, 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం, 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య. అప్పుడు అందరం కొవ్వొత్తులు పట్టుకుని నడిచాము, ప్రార్థనలు చేశాము. చేయవలసిందే. అయితే వాటిని చూసి చాలామంది తల్లిదండ్రులకు ఒక నమ్మకం ఏర్పడిపోయింది. చీకటి పడ్డాక, ఊరి బయట, ముఖం తెలియని మనిషి వల్లనే ప్రమాదమని. చీకటి పడకముందే పిల్ల ఇంట్లో ఉంటే ఇక భయం లేదని.

మా దగ్గరకు వచ్చే పిల్లల సంగతి అలా ఉండదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాలలో 12 వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకు ఎదురైందని 53 శాతం పిల్లలు చెప్పారు. వేధించిన వారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, ఇంటివాళ్లు నమ్మినవారు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. (మగపిల్లలు కూడా అందులో ఆడపిల్లలతో సమానంగా ఉన్నారు. అబ్బాయి కదా, వాడికేం భయం అనుకునే తల్లులు ఈ వాక్యం రెండోసారి చదవాలి.) పోలీసు రికార్డులూ ఇదే చెబుతున్నాయి. పిల్లలపై అత్యాచారం కేసుల్లో నిందితుడు ఆ బిడ్డకు తెలిసినవాడే అయినవి తొంభై శాతానికి పైగా ఉంటున్నాయి.

తెలిసినవాడు అంటే ఎవరు? ట్యూషన్ మాస్టారు కావచ్చు. రోజూ బడికి తీసుకువెళ్లే ఆటో అతను కావచ్చు. పక్కింటి అన్నయ్య, తండ్రి స్నేహితుడు, బాబాయి, కొన్నిసార్లు సంఘంలో అందరూ మర్యాదగా చూసే పెద్దమనిషి. రాయడానికి చేయి ఆగే మాట ఒకటి ఉంది, అయినా రాయాలి. అరుదుగా సొంత తండ్రి కూడా.

ఇంకో సంగతి. హింస అంటే అత్యాచారం ఒక్కటే కాదు. బస్సులో కావాలని ఒరుసుకోవడం, రోజూ వెంటపడటం, "ప్రేమించకపోతే యాసిడ్ పోస్తా" అనడం, ఫోన్లో బూతు బొమ్మలు పంపడం, స్నానం చేస్తుండగా ఫోటో తీసి బెదిరించడం, అమ్మాయి వద్దని ఏడుస్తున్నా పెళ్లి చేసేయడం, అన్నయ్యతో మాట పడిందని చెంప పగలగొట్టడం, ఇవన్నీ హింసే. మేము బడులకు వెళ్లి ఆరోగ్యపాఠం చెప్పినప్పుడు అమ్మాయిలను "మిమ్మల్ని ఎవరైనా హింసించారా" అని అడిగితే అందరూ తల అడ్డంగా ఊపుతారు. "మీరు ఏ దారిన వెళ్లడానికి భయపడతారు? ఎవరు ఇంటికి వస్తే లోపల గదిలోకి వెళ్లిపోతారు?" అని అడిగితే ఒక్కసారిగా గది నిశ్శబ్దమైపోతుంది. తర్వాత చేతులు లేస్తాయి.

బావే కదా!

మన ప్రాంతంలో వరసలకు ఒక చనువు ఉంది. బావ, మేనమామ వరస అయినవాళ్లు ఆడపిల్లను ఆటపట్టించవచ్చు. ఆరేళ్ల పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకుని మేనమామ "ఇది నా పెళ్లామే" అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. పిల్ల ఉక్రోషంతో ఏడిస్తే ఇంకా నవ్వుతారు. అందరి మనసుల్లోనూ చెడు ఉందని మేము అనడం లేదు. ప్రేమగల మేనమామలు మన ఇళ్లలో ఎంతమంది లేరు! కానీ ఆ నవ్వుల మధ్య పెరిగిన పిల్ల పద్నాలుగేళ్ల వయసులో, అదే వరసవాడు వంటింట్లో మీద చేయి వేస్తే ఎవరితో ఏమని చెబుతుంది? "బావే కదే, సరసమాడాడు" అన్న జవాబు ఆమె చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. ఎలాగూ అతనికే ఇచ్చి చేస్తామని పెద్దవాళ్లు మాట అనుకుని ఉంటే ఇక చెప్పడానికి నోరే రాదు. మేనరికాల వల్ల పుట్టబోయే బిడ్డలకు వచ్చే జబ్బుల సంగతి మరోసారి రాస్తాము. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. ఏ వరస అయినా, పిల్ల "వద్దు" అన్నప్పుడు పెద్దవాళ్లు నవ్వకూడదు. "అమ్మాయి వద్దంటోంది, వదిలెయ్ రా" అని అందరి ముందు తల్లి అంటే చాలు. తన మాటకు విలువ ఉందని పిల్ల ఆ పూటే నేర్చుకుంటుంది.

పెద్దమనిషి అయిన రోజు గురించి కూడా చెప్పాలి. పేరంటం చేస్తాము, ఓణీ ఇస్తాము, ఫోటోలు తీయిస్తాము. ఆ మరుసటి రోజు నుంచి అన్నీ "కూడదు" మాటలే. గట్టిగా నవ్వకూడదు, గుమ్మంలో నిలబడకూడదు, మగపిల్లలతో మాట్లాడకూడదు. నీ శరీరం ఇలా మారుతుంది, ఎవరైనా తాకితే నాకు చెప్పు, నేను నిన్ను కోప్పడను అని చెప్పే తల్లి మాకు తక్కువగా కనిపిస్తుంది. అన్ని కూడదుల మధ్య పెరిగిన పిల్లకు ఏదైనా జరిగితే తానే ఏదో కూడనిది చేశానని మొదట అనుకుంటుంది.

చెబితే ఏం పోతుంది?

సరే, అమ్మాయిలు ఎందుకు చెప్పరు? సిగ్గు వల్ల అని చాలామంది అనుకుంటారు. సిగ్గు ఉంది. కానీ మేము విన్నంతవరకు దానికన్నా పెద్ద కారణం ఒకటుంది. చెబితే చదువు మాన్పిస్తారు.

ఆలోచించి చూడండి. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఊరి నుంచి మండల కేంద్రానికి బస్సులో వెళుతుంది. బస్టాండు దగ్గర ఒకడు నెల రోజులుగా వెంటపడుతున్నాడు. ఇంట్లో చెబితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే వీధిలో ఇంకో అమ్మాయికి అదే జరిగింది. నాన్న మొదట అరుస్తాడు. అన్న వెళ్లి కొట్లాడతాడు. ఆ తర్వాత "ఇక చదివింది చాల్లే" అంటారు. ఫోను లాక్కుంటారు. ఆరు నెలల్లో సంబంధం చూస్తారు. వెంటపడినవాడు మాత్రం అదే బస్టాండు దగ్గర, అదే కిళ్లీ కొట్టు ముందు నిలబడి ఉంటాడు. తప్పు అతనిది, శిక్ష ఆమెకు. ఇంత లెక్క ఆ పిల్లకు తెలుసు గనుకనే నోరు మూసుకుని కడుపునొప్పి తెచ్చుకుంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైన. బాల్య వివాహాల నిషేధ చట్టం 2007 నవంబరు నుంచి అమలులో ఉన్నా ఇదీ పరిస్థితి. ఆ పెళ్లిళ్లన్నిటికీ పేదరికమే కారణం కాదు. "పరువు పోకముందే చేతులు దులుపుకుందాం" అన్న భయమూ ఉంది. అదే సర్వే చెప్పిన ఇంకో లెక్క. దేశంలో శారీరకంగా గానీ లైంగికంగా గానీ హింస అనుభవించిన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. తల్లులే చెప్పుకోలేని చోట కూతుళ్లు ఎలా చెబుతారు?

కాబట్టి "ఏదైనా ఉంటే ధైర్యంగా చెప్పమ్మా" అని ఊరికే అంటే చాలదు. చెప్పినందుకు ఏమీ పోదని ముందే మాట ఇవ్వాలి. మేము తల్లిదండ్రుల కూడికలలో ఒక పని చేయమంటున్నాము. ఈ వారంలోనే, ఏ సంఘటనా జరగకముందే, తండ్రి కూతురిని పిలిచి ఇలా చెప్పాలి: "నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడితే నాకు గానీ అమ్మకు గానీ చెప్పు. చెప్పినందుకు నీ చదువు ఆపను, పెళ్లి చేయను, ఫోను లాక్కోను." తల్లి చెబితే మంచిదే. కానీ చదువు ఆపే అధికారం తండ్రిది అని పిల్లకు తెలుసు గనుక తండ్రి నోటితో వస్తేనే నమ్ముతుంది. ఇది విని ఒక తండ్రి "అలా ముందే మాటిస్తే చనువు తీసుకోరా సిస్టర్ గారూ" అని అడిగారు. తీసుకోనివ్వండి. ఆ చనువు కోసమే ఇదంతా.

మాటలు నేర్పాలి

చిన్నపిల్లలకు కన్ను, ముక్కు, చెవి నేర్పుతాము. తర్వాత ఒక్కసారిగా మోకాళ్ల దగ్గరకు దిగిపోతాము. మధ్యలో ఉన్నవాటికి పేర్లు లేవు, ఉన్నా అవి బూతులు. వార్డులో ఒక అమ్మాయిని "ఎక్కడ తాకాడమ్మా" అని అడిగితే "అక్కడ" అంటుంది. ఎక్కడ? "అక్కడే సిస్టర్." చెప్పడానికి ఆ పిల్ల దగ్గర మాట లేదు. రొమ్ము, పిరుదులు, యోని అన్న మాటలు డాక్టరు పుస్తకంలో ఉంటే సరిపోదు, తల్లి నోట్లోనూ ఉండాలి. స్నానం చేయించే వయసు నుంచే మామూలు గొంతుతో పేర్లు చెబుతూ ఉంటే పిల్లకు అవి బూతులుగా అనిపించవు. సండే స్కూల్ టీచర్లు కూడా ఈ విషయంలో మాకు సాయం చేయవచ్చు.

బడిలో మేము చేసే పని పెద్దదేమీ కాదు. ముందు అమ్మాయిల చేత "వద్దు" అనిపిస్తాము. నవ్వుతారు. మొదటిసారి అన్నప్పుడు వినపడదు, నేల చూస్తూ అంటారు. లేచి నిలబడి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ, వెనక బెంచీకి వినిపించేలా అనమంటాము. "చెయ్యి తియ్యండి" అనిపిస్తాము. బస్సులో అయితే కండక్టర్‌ను గట్టిగా పిలవడం, పక్కన కూర్చున్న పెద్దావిడను "పిన్నీ, ఇతను నన్ను ఇబ్బంది పెడుతున్నాడు, మీరు ఇటు రండి" అని అడగడం, ఇవన్నీ ఆటలాగా చేయిస్తాము. గొంతు కూడా కండరంలాంటిదే, వాడకపోతే అవసరమైనప్పుడు పలకదు. అయితే ఒక జాగ్రత్త తప్పక చెబుతాము. నిజంగా ప్రమాదం ఎదురైనప్పుడు చాలామందికి నోరు పెగలదు, కాళ్లు కదలవు. అది శరీరం చేసే పని, పిరికితనం కాదు. "ఎందుకు అరవలేదు" అని తర్వాత ఎవరూ అడగకూడదు.

ఆ తర్వాత చిన్న కాగితాలు పంచి, పేరు రాయకుండా ప్రశ్న రాసి డబ్బాలో వేయమంటాము. అందరూ రాయాలి, ప్రశ్న లేనివాళ్లు తమకు ఇష్టమైన కూర పేరు రాయాలి. అలా అయితే ఎవరు రాస్తున్నారో, ఎవరు రాయడం లేదో పక్కవాళ్లకు తెలియదు. గుత్తివంకాయ, చేపల పులుసు మధ్య ఒక కాగితంలో "మా ఇంట్లో ఉండే ఆయన గురించి చెబితే అమ్మ చచ్చిపోతానంటుంది, ఏం చేయాలి" అని ఉంటుంది.

ఆమె నోరు విప్పినప్పుడు

చాలామంది పిల్లలు ఒకేసారి అంతా చెప్పరు. కొంచెం చెప్పి మన ముఖం చూస్తారు. "ట్యూషన్‌కి వెళ్లను" అంటారు. "ఆయన మంచివాడు కాదు" అంటారు. ఒక్కోసారి "మా ఫ్రెండుకు ఇలా జరిగింది" అని మొదలుపెడతారు. అప్పుడు మనం ఎలా ఉన్నామన్న దాని మీదే మిగతా మాట బయటకు రావడం, రాకపోవడం ఆధారపడి ఉంటుంది.

చేతిలో పని ఆపి కూర్చోండి. "అయ్యో దేవుడా" అని గుండెలు బాదుకోవద్దు, పిల్ల మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. "నువ్వు అక్కడికి ఎందుకు వెళ్లావు, ఏ బట్టలు వేసుకున్నావు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" ఈ మూడు ప్రశ్నలూ వద్దు. అనవలసినవి కూడా మూడే: "చెప్పి మంచిపని చేశావు. నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు." నిజమో కాదో తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. ఆ వ్యక్తిని పిలిపించి పిల్ల ఎదురుగా నిలబెట్టి "చెప్పు, ఇతనేనా" అని అడగడం మహా పాపం. అలాగే పెద్దమ్మ వచ్చినప్పుడోసారి, మామయ్య వచ్చినప్పుడోసారి మళ్లీ మళ్లీ చెప్పించవద్దు. ఒక్కసారి విని, ఆమె వాడిన మాటల్లోనే తేదీ వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

"ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి సిస్టర్" అని పిల్లలు మమ్మల్ని అడుగుతారు. మేము వేయము. పద్దెనిమిదేళ్ల లోపు వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. చెప్పకుండా దాచితే ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. ఇది డాక్టర్లకూ, నర్సులకూ, టీచర్లకూ, పాస్టర్ గారికీ అందరికీ వర్తిస్తుంది. అందుకని మేము ముందే ఇలా చెబుతాము: "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను. ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకు చెబుతాను. ఊరంతా తెలియనివ్వను." అది వినగానే కొందరు మాట ఆపేస్తారు, మళ్లీ రెండు రోజుల తర్వాత వస్తారు. ఆగాలి. అబద్ధపు ఒట్టు వేసి మాట రాబట్టి తర్వాత తప్పితే ఆ పిల్ల ఇక జన్మలో పెద్దవాళ్లను నమ్మదు.

ఆసుపత్రికి తెస్తే ఏం చేస్తారు?

ఇది చాలామందికి తెలియదు గనుక వివరంగా రాస్తున్నాము. ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లి కాగితం తెస్తేనే ఆసుపత్రిలో చూస్తారనుకుంటారు. అవసరం లేదు. నేరుగా రండి. 2013 నుంచి చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రి అయినా, మనలాంటి మిషన్ ఆసుపత్రి అయినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా ఇలాంటి బాధితులకు వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలి. ఆసుపత్రివాళ్లే పోలీసులకు తెలియజేస్తారు. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలలోనూ ఇది ఉంది.

అత్యాచారం జరిగితే గంటలు లెక్క. 72 గంటల లోపల వస్తే హెచ్‌ఐవి సోకకుండా 28 రోజుల మందులు మొదలుపెట్టవచ్చు, ఎంత త్వరగా వస్తే అంత మంచిది. గర్భం రాకుండా మాత్ర, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు, ఇతర సుఖవ్యాధులకు మందులు ఇస్తారు. సాక్ష్యాలు సేకరించడానికి సుమారు 96 గంటల వరకు వీలుంటుంది. తల్లి మనసు మొదట పిల్లకు తలారా స్నానం చేయించాలంటుంది, ఆ బట్టలు కాల్చేయాలంటుంది. ఆ మనసు మాకు అర్థమవుతుంది. కానీ వీలైతే స్నానం చేయించకుండా తీసుకురండి. బట్టలు ఉతకవద్దు, ప్లాస్టిక్ కవరులో కాకుండా పాత న్యూస్‌పేపరులో చుట్టి తెండి. కవరులో తడి ఉండిపోయి పాడవుతాయి. స్నానం అయిపోయినా, వారం గడిచిపోయినా, నెల గడిచిపోయినా రావడం మానవద్దు. చికిత్స ఎప్పుడైనా చేస్తారు.

ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్ష చేయాలి. తల్లి గానీ, పిల్ల నమ్మే మనిషి గానీ పక్కనే ఉండవచ్చు. ఎవరూ లేకపోతే ఆసుపత్రి తరఫున ఒక స్త్రీ పక్కన ఉంటుంది. పన్నెండేళ్లు దాటిన అమ్మాయి సమ్మతి ఆమెనే అడగాలి. మధ్యలో "ఆపండి" అంటే ఆపాలి. పరీక్ష వద్దన్నా మందులు ఆపరు. వెనకటి రోజుల్లో రెండు వేళ్లతో చేసే ఒక పరీక్ష ఉండేది. దానికీ, జరిగినదానికీ ఏ సంబంధమూ లేదని, అది స్త్రీ గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఆ పరీక్ష చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఎక్కడైనా అలా చేయబోతే మీరు కాదనవచ్చు.

పిల్లను స్టేషన్‌కు తిప్పవలసిన పనీ లేదు. ఆమె ఇంట్లోనో, ఆమె కోరినచోటనో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళా పోలీసు, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. మా పరిధి కాదని పంపించకుండా ఏ స్టేషన్‌లోనైనా కేసు తీసుకోవాలి, ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి. పిల్ల పేరు, ఫోటో పేపరులో రాకూడదు. లాయరు ఖర్చు గురించి భయపడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితం, ఫోన్ నంబరు 15100. 2015 నుంచి జిల్లాలలో సఖి కేంద్రాలు వచ్చాయి. హైదరాబాద్‌లో 2016లో పోలీసు శాఖ మొదలుపెట్టిన భరోసా కేంద్రంలో పోలీసు, డాక్టరు, కౌన్సెలర్, లాయరు ఒకేచోట దొరుకుతారు. ఇవన్నీ చట్టంలో ఉన్నంత సాఫీగా ప్రతిచోటా జరుగుతాయని మేము అనము. గంటల తరబడి బల్ల మీద కూర్చోబెట్టిన సంగతులూ విన్నాము. హక్కు ఏమిటో తెలిసినవాళ్లను అంతగా కూర్చోబెట్టలేరు, అందుకే రాశాము.

రాజీ పంచాయితీ

మాకు అన్నిటికన్నా దుఃఖం కలిగించేది ఇది. విషయం బయటపడగానే ఊరి పెద్దలు, ఒక్కోచోట సంఘ పెద్దలు కూడా కూర్చుంటారు. ఇంత డబ్బు కట్టమంటారు, లేదంటే "అతనికే ఇచ్చి కట్టబెట్టండి, గొడవ ఉండదు" అంటారు. పోక్సో కేసు పెద్దలు రాజీ చేసి కొట్టేసేది కాదు. పద్దెనిమిది నిండని అమ్మాయికి పెళ్లి చేయడం మరో నేరం. పెళ్లయినా సరే ఆ వయసులోపు సంబంధం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం పక్కన పెట్టినా, తనను పాడుచేసినవాడితోనే రోజూ అన్నం తినమని ఒక పిల్లకు చెప్పే నోరు మనకు ఎలా వస్తుంది?

సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం సంఘాలలో ప్రసంగానికి ఎక్కువగా తీసుకోరు. తామారు అనే అమ్మాయిపై సొంత ఇంటివాడే అత్యాచారం చేస్తాడు. ఆమె ఏడుస్తూ వస్తే అన్న అయిన అబ్షాలోము ఊరుకోమంటాడు, వాడు నీ అన్నే కదా అంటాడు. తండ్రి అయిన దావీదు రాజుకు కోపం వచ్చింది గానీ అతను ఏమీ చేయలేదు. ఆమె ఆ ఇంట్లోనే దిక్కులేనిదై ఉండిపోయింది. స్త్రీల సమాజంలో ఈ అధ్యాయం చదివి మాట్లాడుకోమని మేము కొన్ని సంఘాలలో అడిగాము. ఒకచోట చదవడం పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అరవై దాటిన ఒక అమ్మ మాత్రం "నాకూ ఊరుకోమనే చెప్పారు" అని కళ్లు తుడుచుకుంది. యాభై ఏళ్ల క్రితం సంగతి అట, మొదటిసారి చెప్పడం అట.

అబ్బాయిల తల్లులకు కూడా ఒక మాట. కొడుకు ఫోనులో ఎవరో అమ్మాయి ఫోటో కనిపిస్తే, "మగపిల్లాడు, వయసు అలాంటిది" అని వదిలేయవద్దు. వెంటపడటం 2013 నుంచి నేరం. అది నేరమని వాడికి పోలీసుల కన్నా ముందు మీరు చెప్పండి.

ఎవరికి చెప్పాలి

ఫోను చేయగలిగిన అమ్మాయిలకు: పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181. ఇవి ఎప్పుడైనా, డబ్బు లేకుండా పనిచేస్తాయి. నంబర్లు గుర్తుపెట్టుకోవడంతో పాటు మీరు నమ్మే ముగ్గురు పెద్దవాళ్ల పేర్లు మనసులో అనుకోండి. మొదటివారు నమ్మకపోతే రెండోవారికి, వారూ నమ్మకపోతే మూడోవారికి చెప్పండి.

మన ఆసుపత్రికి రావాలనుకుంటే ఓ.పి. కౌంటరులో "సిస్టరమ్మతో మాట్లాడాలి" అంటే చాలు. ఎందుకు అని అక్కడ అడగరు, చీటీలో జబ్బు పేరు రాయరు. రాత్రి అయితే క్యాజువాల్టీలో డ్యూటీ సిస్టర్‌ను అడగండి. స్కూలు యూనిఫాంలో ఒక్కదానివే వచ్చినా, స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చినా, కడుపునొప్పి అని చెప్పి వచ్చినా పరవాలేదు.